పాత ఎంజీబీ: 95 దగ్గర స్టీరింగ్ వణుకు, 110 దాటితే ముందుభాగం తేలిక. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినా తగ్గలేదు

తీగచక్రం_71

కారు 1971 ఎంజీబీ రోడ్‌స్టర్. స్పోక్ వీల్స్, 165/80 ఆర్14 రేడియల్ టైర్లు. ముందు బండిని 25 మి.మీ. దించే పొట్టి స్ప్రింగులు, వెనక కొత్త కమాన్ కట్టలు వేసి ఉన్నాయి.

గంటకు 85 కి.మీ. దాకా ఏ గొడవా లేదు. 90–105 మధ్య స్టీరింగ్ అటూ ఇటూ వణుకుతుంది, 105 దాటాక ఆ వణుకు దాదాపు పోతుంది. 110 పైన ఇంకో రకం: ముందుభాగం తేలికైపోతుంది, బండి ఒక గీత మీద నిలవదు, చిన్న చిన్నగా సరిచేస్తూనే ఉండాలి. చేతులు వదులుగా పెడితే మెల్లగా కుడికి పోతుంది. బ్రేకు వేసినప్పుడు మాత్రం పక్కకు లాగదు.

అలైన్‌మెంట్ కాగితం మీద ఉన్నవి: క్యాంబర్ (చక్రం నిలువుగా వాలిన కోణం, పైభాగం లోపలికైతే మైనస్) ఎడమ −0.3 డిగ్రీలు, కుడి +0.5. క్యాస్టర్ (చక్రం తిరిగే నిలువు ఇరుసు పై కొన వెనక్కి వాలిన కోణం) ఎడమ 5.9, కుడి 5.1. టో (ముందు చక్రాల మధ్య దూరం ముందంచుకీ వెనకంచుకీ ఉన్న తేడా) మొదటిసారి 1 మి.మీ. అవుట్ ఉంటే 2 మి.మీ. ఇన్ చేశారు. రెండోసారి చూస్తే మళ్లీ దాదాపు సున్నా. చక్రాలు బ్యాలెన్స్ చేయించాను. గాలి నాలుగింటికీ 30 పీఎస్‌ఐ.

రెండు సలహాలు వచ్చాయి: స్టీరింగ్ ర్యాక్ పళ్ల వదులు అదిమిపట్టే ర్యాక్ డ్యాంపర్‌ని ఇంకా బిగించమని ఒకటి, క్రాస్‌మెంబర్‌కీ (ముందు సస్పెన్షన్‌ని మోసే అడ్డ దూలం) ఛాసిస్‌కీ మధ్య క్యాస్టర్ వెడ్జిలు పెట్టమని ఇంకొకటి. ఏది ముందు చేయాలి?

కింగ్‌పిన్

రెండూ వద్దు. ముందు మీ ఫిర్యాదుని రెండుగా విడదీయండి. 90–105 వణుకు వేరు, 110 పైన తేలిపోవడం వేరు. ఒకే మందు వెతికితే రెండూ మిగిలిపోతాయి.

వణుకు సంగతి. మీ సైజు టైరు ఒక చుట్టు తిరిగితే దాదాపు 1.9 మీటర్లు పోతుంది. అంటే 100 దగ్గర చక్రం సెకనుకు 14–15 చుట్లు తిరుగుతోంది. ముందు హబ్ (చక్రం ఎక్కే మధ్యభాగం), చక్రం, సస్పెన్షన్ చేతులు అన్నీ కలిసి స్ప్రింగుకీ టైరుకీ మధ్య ఊగే సహజ వేగం కూడా సెకనుకు 10–15 సార్ల చుట్టుపక్కలే ఉంటుంది. రెండూ కలిసినచోట వణుకు పెరుగుతుంది, దాటాక తగ్గుతుంది. కాబట్టి ఇది తిరిగే వస్తువు నుంచి వస్తున్నదే. టో ఎంత మార్చినా పోదు.

బ్యాలెన్స్ చేయించానన్నారు, కానీ స్పోక్ వీల్‌ని మెషీన్ మీద ఎలా కూర్చోబెట్టారన్నదే అసలు ప్రశ్న. ఈ చక్రం బండి మీద రెండు వాలు అంచుల మధ్య కూర్చుంటుంది: లోపలి వాలు హబ్ మీద, బయటి వాలు స్పిన్నర్ నట్టు (చక్రాన్ని బిగించే నడిమి పెద్ద నట్టు) లోపల. మెషీన్ మీద కూడా ఆ రెండు వాలులకే సరిపోయే కోన్లు ఉండాలి. మామూలు డిస్కు చక్రానికి వాడే కోనుతో నడిమి రంధ్రం అంచుని పట్టుకుంటే చక్రం మధ్యకు రాదు, మెషీన్ సున్నా చూపిస్తుంది, బండి వణుకుతుంది. పరీక్ష సులువే: అదే చక్రాన్ని మెషీన్ మీద నుంచి తీసి, సగం తిప్పి మళ్లీ బిగించి చూడమనండి. అంకెలు మారితే ఆ బ్యాలెన్సింగ్ లెక్కలోకి రాదు.

తర్వాత జాకీ వేసి, రిమ్ము దగ్గర ఒక కడ్డీ ఆనించి చక్రం తిప్పండి. పక్కకు ఊగడం, ఎత్తుపల్లం రెండూ 1.5 మి.మీ. లోపల ఉండాలి. అంతకు మించితే స్పోకులు సరిచేయాలి, బరువులు అతికిస్తే తీరదు. చెంచాతో స్పోకులన్నిటినీ వరసగా తట్టండి. బిగువుగా ఉన్నది మోగుతుంది, వదులైనది మూగగా పలుకుతుంది. ఇంకొకటి: ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టమని, చక్రాన్ని తిరిగే దిశలో ముందుకీ వెనక్కీ కుదపండి. టక్కుమంటే హబ్ పళ్లు అరిగాయి.

చివరగా ముందు చక్రాలు రెండూ వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నడపండి. వణుకు స్టీరింగ్ నుంచి సీటులోకి పోతే దోషం చక్రాలదే. స్టీరింగ్‌లోనే ఉండిపోతే హబ్ దగ్గర వెతకాలి.

గాలి గురించి: ఈ సైజుకి ఫ్యాక్టరీ అంకె ముందు 21, వెనక 24. ఇప్పటి రేడియల్స్‌కి కొంచెం పెంచి ముందు 24, వెనక 27 పెట్టుకోవచ్చు. నాలుగింటికీ 30 మాత్రం వద్దు. వెనక 3 ఎక్కువ ఉండటంలోనే ఈ బండి నిలకడ కొంత దాగి ఉంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ కూడా చూడండి. 2315 అంటే 2015లో 23వ వారం. చూడ్డానికి ట్రెడ్ బాగున్నా పాత టైరు లోపల గుండ్రదనం పోతుంది.

దారం_టేపు

పైన చెప్పిన చక్రాల సంగతికి నేను కలిపేదేమీ లేదు. 110 పైన తేలిపోవడం గురించి రాస్తాను.

ఎంజీబీలో సర్దుబాటు ఉన్నది టో ఒక్కదానికే. క్యాంబర్, క్యాస్టర్‌లకు ఫ్యాక్టరీ నుంచి స్క్రూ లేదు, షిమ్ము (సర్దుబాటుకి పెట్టే పల్చటి రేకు) లేదు. అలాంటి బండిలో ఆ రెండు అంకెలు తేడాగా వచ్చాయంటే ఏదో అరిగింది, వంగింది, లేదా ఎత్తు మారింది. కాగితాన్ని అలైన్‌మెంట్ రిపోర్టుగా కాకుండా రోగ నిర్ధారణగా చదవండి.

డిజైన్ క్యాస్టర్ 7 డిగ్రీలు. మీకు 5.9, 5.1. ముందు 25 మి.మీ. దించారు. వెనక కొత్త కట్టలు సాధారణంగా ఎత్తుగానే కూర్చుంటాయి, 20 మి.మీ. అనుకుందాం. మొత్తం 45 మి.మీ. ముక్కు కిందికి వాలింది. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2311 మి.మీ. కాబట్టి ప్రతి 40 మి.మీ. వాలుకీ ఒక డిగ్రీ క్యాస్టర్ పోతుంది. అంటే 1.1 డిగ్రీ కేవలం ఎత్తుల వల్లే పోయింది, ఎడమ 5.9కి లెక్క సరిపోయింది. కుడివైపు ఇంకో 0.8 ఎక్కడికి పోయిందో వెతకాలి.

వెడ్జిలు ఇందుకే వద్దు. బజారులో దొరికే వెడ్జి కిట్ క్యాస్టర్ తగ్గించడానికి పుట్టింది, పార్కింగ్‌లో స్టీరింగ్ బరువు తగ్గుతుందని రేడియల్ టైర్ల వాళ్లు వేసుకుంటారు. మీకు ఇప్పటికే తక్కువై తేలిపోతుంటే ఇంకా తగ్గించడమా? ర్యాక్ డ్యాంపర్ బిగిస్తే వదులు చేతికి తెలియకుండా పోతుందే గానీ అరుగుదల పోదు. పైగా మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తను మధ్యకు రాదు, అప్పుడు నిలకడ మరీ పాడవుతుంది.

ఇక కుడికి పోవడం. బండి తక్కువ క్యాస్టర్ ఉన్న వైపుకి, ఎక్కువ పాజిటివ్ క్యాంబర్ ఉన్న వైపుకి పోతుంది. మీకు రెండూ కుడే. అయితే కుడి క్యాంబర్ +0.5 నాకు అనుమానంగా లేదు. డిజైన్ దాదాపు +1, పొట్టి స్ప్రింగు వేశాక కొంచెం తగ్గడం మామూలే. అనుమానం ఎడమ −0.3 మీద. టైరు నేలని తాకే చోటు కింగ్‌పిన్‌కి (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే నిలువు ఇరుసు) బయట ఉంటుంది కాబట్టి, వదులు ఉంటే బండి బరువు చక్రం పైభాగాన్ని లోపలికి నెడుతుంది. అరుగుదల ఎప్పుడూ నెగెటివ్ వైపే కనిపిస్తుంది. లాగేది కుడికైనా క్యాంబర్ కోసం విప్పాల్సింది ఎడమ. క్యాస్టర్ కోసం చూడాల్సింది కుడి: కింది విష్‌బోన్ (చక్రాన్ని బండికి కలిపే సస్పెన్షన్ చెయ్యి) బుష్‌లు, క్రాస్‌మెంబర్ రబ్బరు ప్యాడ్లు.

జాకీని క్రాస్‌మెంబర్ కింద పెట్టి చక్రాలు వేలాడదీసి చూస్తే వదులు దొరకదు. స్ప్రింగు కింది చేతిని నెడుతూ కీళ్లన్నిటినీ బిగపట్టి ఉంచుతుంది. స్ప్రింగు ప్యాన్ కింద జాకీ పెట్టి టైరు నేల నుంచి వేలెడంత లేపండి. బండిని స్టాండు మీద ఆనించడం మరవొద్దు. పైనా కిందా పట్టుకుని కుదపండి. వదులు తెలిస్తే ఎవరినైనా బ్రేకు తొక్కమనండి. బ్రేకుతో వదులు పోతే వీల్ బేరింగ్, పోకపోతే కింగ్‌పిన్ లేదా పై చెయ్యి. పక్కల పట్టుకుని కుదిపినప్పుడు వదులుంటే టై రాడ్ ఎండ్, లేదా ర్యాక్ లోపలి బంతి కీలు. గ్యేటర్ (ర్యాక్ చివర ముడతల రబ్బరు తొడుగు) మీద వేలు పెట్టి ఉంచితే లోపలి కీలు టక్కుమనడం తెలుస్తుంది.

సెకండ్_గేర్

ఆ లివర్ ఆర్మ్ డ్యాంపర్లు (చెయ్యి ఆడినప్పుడు నూనెతో కుదుపు తగ్గించే పాత రకం షాక్ అబ్సార్బర్లు) తీసేసి టెలిస్కోపిక్ (గొట్టం రకం) కిట్ వేస్తే సగం గొడవ పోతుంది కదా? తేలిపోవడం డ్యాంపర్ బలహీనత కూడా కావచ్చు.

కింగ్‌పిన్

కావచ్చు, కానీ కిట్‌తో అది తీరుతుందని చెప్పలేం. ఎంజీబీలో ముందు లివర్ ఆర్మ్ డ్యాంపర్ కేవలం డ్యాంపర్ కాదు, పై విష్‌బోన్ కూడా అదే. చాలా కిట్లలో పాత డ్యాంపర్‌ని పై చెయ్యిగా అలాగే ఉంచి, పక్కన టెలిస్కోపిక్ కలుపుతారు. డ్యాంపర్ షాఫ్టు బుష్ అరిగి ఉంటే కొత్త కిట్ తర్వాత కూడా క్యాంబర్ ఊగుతూనే ఉంటుంది.

ముందు చూడాల్సింది: డ్యాంపర్ బాడీ క్రాస్‌మెంబర్‌కి బిగించిన నాలుగు బోల్టులు, చేతులు షాఫ్టు దగ్గర పక్కకు కదులుతున్నాయా, షాఫ్టు చివర నూనె కారుతోందా. నూనె మట్టం తగ్గితే చెయ్యి కదలికలో మధ్యలో కొంత మేర ఏ నిరోధమూ లేకుండా ఖాళీగా ఆడుతుంది. డ్యాంపర్ చుట్టూ శుభ్రం చేశాకే మూత తీయాలి, ఇసుక రేణువు పడితే వాల్వు పోతుంది. నూనె నింపాక చేతిని పూర్తిగా పైకీ కిందికీ పది పన్నెండు సార్లు ఆడించి గాలి పోగొట్టాలి. నూనె పోసినా వారంలో ఖాళీ అయితే మాత్రం బాగుచేసిన డ్యాంపరే శరణ్యం.

తీగచక్రం_71

చూసినవి రాస్తున్నాను.

ముందు ఎడమ చక్రం రిమ్ము 2.5 మి.మీ. పక్కకు ఊగుతోంది. కోన్లు మార్చి బ్యాలెన్స్ చేయిస్తే రెండు చక్రాల అంకెలు పూర్తిగా మారాయి. వెనక కుడి హబ్ టక్కుమంటోంది.

ఎడమ ముందు: పైనా కిందా కుదిపితే వదులు ఉంది. బ్రేకు తొక్కితే సగం పోయింది, సగం మిగిలింది. హబ్ విప్పితే రెండు బేరింగుల మధ్య స్పేసర్ ట్యూబే లేదు, నట్టుని చేత్తో బిగించి పిన్ను పెట్టినట్టుంది. కింగ్‌పిన్ కింది బుష్‌లో వదులు కంటికే కనిపిస్తోంది.

కుడి: కింది విష్‌బోన్ లోపలి బుష్ ఒకటి చిరిగి రబ్బరు బయటికి వచ్చింది. క్రాస్‌మెంబర్ ప్యాడ్లు బాగానే ఉన్నాయి.

వెనక ఎత్తు, పాత కట్టలున్నప్పటి కొలతతో పోలిస్తే 20 మి.మీ. ఎక్కువ. ఎడమ, కుడి వీల్‌బేస్ కొలిస్తే తేడా 1 మి.మీ. లోపే.

కింగ్‌పిన్

బ్రేకుతో సగం పోయిందంటే బేరింగూ ఉంది, కింగ్‌పిన్నూ ఉంది.

స్పేసర్ లేకుండా నడపకండి, ఇది వణుకు సమస్య కంటే పెద్దది. స్పేసర్, షిమ్ములు ఉన్నప్పుడు నట్టు బిగింపు రెండు బేరింగుల లోపలి రేసుల్నీ స్టబ్ యాక్సిల్‌నీ (ముందు చక్రం తిరిగే పొట్టి ఇరుసు) ఒకే గట్టి కడ్డీగా చేస్తుంది. అది లేకపోతే యాక్సిల్ ప్రతి మలుపులో వంగి లేస్తూ, కాలక్రమంలో వేరు దగ్గర పగులుతుంది. ఆ స్టబ్ యాక్సిల్‌ని కూడా పగుళ్ల కోసం డై పెనట్రంట్‌తో చూపించండి.

హబ్ కట్టే పద్ధతి: ముందు స్పేసర్ పెట్టి, షిమ్ముల్లేకుండా, హబ్ తిప్పుతూ కొంచెం బిగువు తగిలే దాకా నట్టు బిగించండి. దీనితో బయటి రేసులు చోట్లో కూర్చుంటాయి. విప్పి, కావాలని ఎక్కువ షిమ్ములు వేసి మళ్లీ బిగించి, డయల్ గేజితో హబ్ లోపలికీ బయటికీ ఎంత కదులుతోందో కొలవండి. షిమ్ములు 3, 5, 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతు) మందాల్లో వస్తాయి. కొలిచిన వదులులోంచి కావలసినంత ఉంచి, మిగతా మందం తీసేయండి. చివర ఉండాల్సిన వదులు 0.05–0.10 మి.మీ. అంటే 2–4 థౌ. నట్టు 54–95 న్యూటన్ మీటర్లు. పిన్ను రంధ్రం కలవకపోతే ఆ హద్దులోనే ఇంకొంచెం బిగించాలి, వెనక్కి వదలకూడదు. బిగించాక మళ్లీ కొలవండి, గ్రీజు జిగురు వల్ల మొదటి కొలత తక్కువ చూపిస్తుంది.

కింగ్‌పిన్‌కి కొత్త బుష్‌లు కొట్టాక రీమర్ (రంధ్రాన్ని కొలతకు చెక్కే పనిముట్టు) వేయాల్సిందే, రెండు బుష్‌లూ ఒకే గీతలో రావాలి. బుష్ రంధ్రం గ్రీజు దారికి ఎదురుగా కూర్చుందో లేదో కొట్టే ముందే చూసుకోండి. ఇక్కడ తప్పు జరిగితే గ్రీజు కొట్టినా లోపలికి పోదు, ఏడాదిలో మళ్లీ ఇదే కథ. థ్రస్ట్ వాషర్ మందం ఎంచుకునేటప్పుడు పైకీ కిందికీ వదులు ఉండకూడదు, కానీ టై రాడ్ విప్పి ఉన్నప్పుడు హబ్ వేలితో తోస్తే తిరగాలి. బిగిసిన కింగ్‌పిన్ కూడా వదులైనదంత చెడ్డదే, స్టీరింగ్ మధ్యకు రానివ్వదు.

ఒక్కో వైపు గ్రీజు నిపుల్స్ మూడు. గ్రీజు కొట్టేటప్పుడు చక్రం గాల్లో ఉండాలి, పాత గ్రీజు అంచుల నుంచి బయటికి వచ్చే దాకా కొట్టాలి. ట్రయంఫ్ స్పోర్ట్స్ కార్ల కింది ట్రనియన్‌కి గేర్ ఆయిల్ పోయాలనే సలహా ఒకటి తిరుగుతుంటుంది. అది వాటి మరల కీలుకి, మీ బండికి గ్రీజే. మీ బండిలో ఈపీ 90 ఆయిల్ పోయాల్సింది ర్యాక్‌లో. గ్యేటర్ చిరిగితే ఆయిల్ మొత్తం నేలపాలవుతుంది, ఎండిన ర్యాక్ పళ్లు మధ్యలోనే ముందు అరుగుతాయి.

హబ్‌లు విప్పారు కాబట్టి ఇంకొక్కటి: ఎడమవైపు హబ్‌కి మామూలు మర, కుడివైపుకి ఎడమ మర. బండి ముందుకు పోయేటప్పుడు చక్రం ఏ వైపు తిరుగుతుందో, స్పిన్నర్ ఆ వైపుకి తిప్పితేనే ఊడాలి. వెనక కుడి హబ్ మార్చేటప్పుడు మర తారుమారైతే స్పిన్నర్ దారిలో దానంతట అదే వదులవుతుంది. పళ్లు అరిగిన హబ్ మీద కొత్త చక్రం ఎక్కించొద్దు, దాని పళ్లు కూడా తినేస్తుంది.

దారం_టేపు

బుష్‌లకు వీ8 ఎంజీబీలో వాడిన లోహపు గొట్టం ఉన్న రకం వేసుకోండి, నాలుగూ ఒకేసారి. నట్లు పూర్తిగా బిగించేది చక్రాలు నేల మీద ఉండి, సీటులో మనిషి బరువు ఉన్నప్పుడే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, బండి ఎత్తుగా నిలుస్తుంది, బుష్ తొందరగా చిరుగుతుంది.

ఇదే తప్పు మీ వెనక కట్టల దగ్గర జరిగి ఉండొచ్చు. 20 మి.మీ. ఎత్తుకి లోవరింగ్ బ్లాకులు కొనే ముందు, కట్టల కంటి బోల్టులు, షాకిల్ నట్లు వదులు చేసి, బండిని నేల మీద నాలుగుసార్లు అదిమి, బరువు మీదే మళ్లీ బిగించండి. కొంత ఎత్తు అక్కడే పోవచ్చు. యాక్సిల్‌ని కట్టలకు పట్టించే యూ బోల్టులూ చూడండి. అవి వదులైతే యాక్సిల్ కొంచెం వంకరగా తిరిగి వెనక నుంచే బండిని నడిపిస్తుంది. అది ముందు చక్రాల వదులులాగే అనిపిస్తుంది. వీల్‌బేస్ రెండువైపులా సమానం అంటున్నారు కాబట్టి ప్రస్తుతానికి ఆ భయం లేదు.

ఎత్తు తేలాకే టో. టో రెండోసారికే మారిపోయిందంటే మెషీన్ తప్పు కానక్కర్లేదు. క్లాంపు రిమ్ముని పట్టుకుంటుంది, మీ రిమ్ము 2.5 మి.మీ. ఊగుతోంది, ఆ ఊగుడు (రనౌట్) సరిచేయకుండా కొలిస్తే చక్రం ఆగిన చోటుని బట్టి అంకె మారుతుంది. పైగా కింగ్‌పిన్ వదులు.

ఇంట్లో కొలవాలంటే: ముందు చక్రం లేపి, తిప్పుతూ, కదలని మేకుతో ట్రెడ్ మధ్యలో సన్నని గీత గీయండి. రెండు చక్రాలకీ ఇలా గీస్తే రిమ్ము వంకర లెక్కలోంచి పోతుంది. దించి, సీటులో మనిషి బరువు పెట్టి, బండిని ముందుకు ఐదు మీటర్లు తోయండి. వెనక్కి తోసి ఆపొద్దు, కీళ్ల వదులు తిరగబడుతుంది. హబ్ ఎత్తులో గీతల మధ్య దూరం ముందువైపు, వెనకవైపు కొలవండి. వెనకవైపు సంప్ (ఇంజిను కింది నూనె తొట్టి) అడ్డొస్తుంది కాబట్టి టేపుకి బదులు రెండు నిలువు కడ్డీలున్న కర్ర చేసుకోవాలి.

ఫ్యాక్టరీ అంకె టో-ఇన్ 1.5–2.3 మి.మీ., కానీ అది రిమ్ము అంచు దగ్గర. ట్రెడ్ మీద కొలిస్తే వ్యాసం పెద్దది కాబట్టి అదే కోణానికి 2.5–3.7 మి.మీ. వస్తుంది. చాలామంది ఇక్కడే పొరపడి ట్రెడ్ మీద 1.5 పెట్టేస్తారు. వేగంలో గాలి, రోడ్డు నిరోధం ముందు చక్రాల్ని వెనక్కి నెడతాయి, కీళ్లలో ఉన్న కాస్త వదులూ టో-అవుట్ వైపు తీసుకుంటుంది. మీకు 110 పైన బండి ఏ గీతా పట్టుకోకపోవడానికి ఇదొక కారణం.

టై రాడ్ తిప్పే ముందు గ్యేటర్ బయటి క్లిప్ వదులు చేయండి, లేకపోతే గ్యేటర్ మెలిపడి చిరుగుతుంది. ర్యాక్‌ని మధ్యలో పెట్టి, రెండు టై రాడ్లకీ బయటికి కనిపించే మరలు సమానంగా ఉన్నాయో చూడండి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే గతుకు మీద ఒక్కో చక్రం ఒక్కో రకంగా తిరుగుతుంది. సర్దుబాటు రెండువైపులా సమానంగా, పావు చుట్టు చొప్పున, ప్రతిసారీ ఐదు మీటర్లు తోసి కొలుస్తూ. స్టీరింగ్ వీల్ కొద్దిగా వంకరగా మిగిలితే దాన్ని ఊడదీసి పళ్లు మార్చి పెట్టొద్దు. ఒక టై రాడ్ ఎంత పొడిగిస్తే రెండోది అంత తగ్గించండి, టో మారకుండా వీల్ నిటారుగా వస్తుంది.

తీగచక్రం_71

అన్నీ అయ్యాక క్యాస్టర్ 6 దగ్గరే ఆగితే సరిపోతుందా, లేక ముందు పాత స్ప్రింగులు తిరిగి వేయాలా?

దారం_టేపు

రెండువైపులా 6 చొప్పున, తేడా 0.3 లోపు ఉంటే స్ప్రింగులు అలాగే ఉంచండి. ఈ బండికి ఎడమ కుడి తేడా ముఖ్యం, ఒక డిగ్రీ అటూ ఇటూ అంత కాదు. దించిన ఎత్తుకి టై రాడ్లు ర్యాక్ నుంచి బయటికి పైకి వాలి కనిపిస్తే మాత్రం గతుకుల మీద టో మారే గుణం చూడాలి. బంపర్ పట్టుకుని 30 మి.మీ. అదిమి ఒకసారి, లేపి ఒకసారి టో కొలవండి. 1 మి.మీ. మించి మారితే ఆ స్ప్రింగులు ఈ బండికి పొట్టివే.

కొత్త బుష్‌లు, సరిచేసిన స్పోకులు రెండూ కొంచెం సర్దుకుంటాయి. 500 కి.మీ. తర్వాత స్పోకులు మళ్లీ తట్టి, టో మళ్లీ కొలిచి, అప్పుడు లాక్‌నట్లకు రంగు గీత పెట్టుకోండి.